ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా: పిల్లలకు కథలు, పుస్తకాలు అలవాటు చేయడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని బరంపురంలో మా వరండాలో ఆదివారం సాయంత్రాలు పది పన్నెండు మంది పిల్లలు చేరతారు. ఒక కథ చెప్పుకుంటాం, ఒక పుస్తకం చదువుకుంటాం, మరమరాలు తిని ఎవరింటికి వాళ్ళు వెళ్ళిపోతారు. వాళ్ళని తీసుకెళ్ళడానికి వచ్చిన అమ్మానాన్నలు చెప్పులు వేసుకుంటూ అడిగే సందేహాలు మాత్రం ఏళ్ళ తరబడి అవే. పర్లాకిమిడి, రాయగడ, జయపురం నుంచి ఫోన్ చేసేవాళ్ళవీ అవే. అందుకే ఇక్కడ రాసిపెట్టాను. నేను పండితురాలిని కాను, ఇద్దరు పిల్లల్ని పెంచిన అమ్మని. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి, వరసగా చదవక్కర్లేదు.

## ఒడిలో ఉన్న వయసు

మా బాబుకి ఏడాదే. ఇప్పుడే కథలేంటండీ, వాడికేం అర్థమవుతుంది?

కథ అర్థం కాదు. మీ గొంతు అర్థమవుతుంది. అన్నం తినిపిస్తూ చందమామని పిలిచే పాట పాడితే వాడు ముద్దకీ పాటకీ ముడిపెట్టుకుంటాడు. ఆ వయసుకి అదే సాహిత్యం. లాలిపాట, చేతివేళ్ళు లెక్కపెట్టే ఆట, కాకమ్మా పిచ్చికమ్మా, అన్నీ పనికొస్తాయి. పుస్తకం ఇస్తే నోట్లో పెట్టుకుంటాడు. పెట్టుకోనివ్వండి. దళసరి అట్టతో చేసినవి కొంటే మీకూ కంగారుండదు. మా పెద్దాడు నమిలిన పుస్తకం ఇంకా మా అలమరలో ఉంది, ఏనుగు బొమ్మకి తొండం లేదు.

ఇంట్లో తెలుగు, పక్కింట్లో ఒడియా, టీవీలో హిందీ. పిల్ల తికమకపడి మాటలు ఆలస్యమవుతాయా?

ఎక్కువ భాషలు వినడం వల్ల మాటలు ఆగిపోవు. రెండేళ్ళ పిల్ల "అమ్మా, పాణి ఇవ్వు" అంటే అది తికమక కింద లెక్క కాదు, దగ్గరున్న మాట వాడుకుంది, అంతే. మాటలు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టేటప్పుడు తెలుగువి ఒక్కటే లెక్కపెట్టకండి, అన్ని భాషలవీ కలపండి. చాలామంది టెన్షన్ అక్కడే సగం తగ్గిపోతుంది. ఏ భాషలోనూ రెండేళ్ళు నిండేసరికి రెండు మాటలు కలిపి అనకపోయినా, పిలిస్తే తిరిగి చూడకపోయినా ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించి, చెవులు పరీక్ష చేయించండి. ఆ లోపం వేరు. భాషలు తగ్గించినంత మాత్రాన అది పోదు.

నాకు కథలు చెప్పడం రాదండీ. ఒక్కటి కూడా పూర్తిగా గుర్తులేదు.

ఏడు చేపల కథ గుర్తుందా? అది చాలు, ఏడాది గడిచిపోతుంది.

రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్ళి ఏడు చేపలు తెచ్చి ఎండబెడితే ఒకటి ఎండలేదు. ఎందుకంటే గడ్డిమేటు అడ్డం. గడ్డిమేటు ఎందుకుందంటే ఆవు మెయ్యలేదు. ఆవు పాలేరు మేపలేదంటుంది, పాలేరు అవ్వ బువ్వ పెట్టలేదంటాడు, అవ్వ పిల్లాడు ఏడ్చాడంటుంది, పిల్లాడు చీమ కుట్టిందంటాడు. చీమ మాత్రం తగ్గదు: నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా!

ఒక ఆదివారం ఈ కథ చెబుతుంటే, ఆవు దగ్గరికి వచ్చేసరికి మా వీధిలో ఉండే ఒడియా పిల్లాడొకడు లేచి నిలబడ్డాడు. "ఇది మా ఆయీ కథ. మీకెవరు చెప్పారు?" అని నిలదీశాడు. ఆయీ అంటే వాళ్ళ అమ్మమ్మ. వాడి అనుమానం న్యాయమైనదే. ఒడియా ఇళ్ళల్లో కథ అయిపోగానే "మో కొథాటి సొరిలా, ఫులొ గొఛొటి మొరిలా" అంటారు. నా కథ అయిపోయింది, పూలచెట్టు చచ్చిపోయింది అని. పిల్లలు ఊరుకుంటారా? పూలచెట్టూ ఎందుకు చచ్చిపోయావంటే నల్లావు తినేసిందంటుంది. ఆవు కాపరి మీద పెడుతుంది, కాపరి అన్నం పెట్టని కోడలి మీద, కోడలు ఏడ్చిన పిల్లాడి మీద, పిల్లాడు చీమ మీద. ఆ చీమ కూడా మన చీమలాంటిదే, మట్టికింద ఉండేదాన్ని, మెత్తని ఒళ్ళు దొరికితే కుట్టనా అంటుంది.

ఆ రోజు రెండు కథలూ ఒకదాని తర్వాత ఒకటి చెప్పించాం. చేపతో మొదలెట్టినా పూలచెట్టుతో మొదలెట్టినా అందరూ చీమ దగ్గరే తేలారు. పిల్లలకి అది పెద్ద వింత.

చెప్పడం రాదనుకునేవాళ్ళకి ఇలాంటి గొలుసు కథలే మంచివి. ఒక ముక్క మరిచిపోతే పిల్లలే అందిస్తారు. మీ ఇంటి సంగతులు కలిపేయండి. మా ఇంట్లో పాలేరుకి అవ్వ పెట్టాల్సింది పొఖాళొ, అంటే నీళ్ళు పోసిన చద్దన్నం, నంచుకోడానికి బడి చూరా, అంటే నలిపిన వడియాలు. ఎండాకాలంలో చెబితే పిల్లలకి నోరూరి కథ మధ్యలో వంటింట్లోకి పరిగెడతారు.

మాది బరంపురం తెలుగు. సగం ఒడియా మాటలే. ఈ భాషలో కథలు చెబితే పిల్లకి తప్పు తెలుగు నేర్పినట్టు కాదా?

ఈ ప్రశ్న అడిగిన ప్రతివాళ్ళకీ నేను పర్లాకిమిడి పేరు చెబుతాను. గిడుగు రామమూర్తి గారు 1880లో ఆ ఊళ్ళో బడిపంతులుగా చేరారు. దశాబ్దాలు అక్కడే ఉన్నారు. జనం మాట్లాడే తెలుగులోనే రాయాలి, చదువు చెప్పాలి అని ఆయన పండితులతో పోట్లాడింది అక్కడ ఉంటూనే. చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేసిందీ ఆయనే. తెలుగువాళ్ళంతా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకునేది ఆయన పుట్టినరోజుకే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది. వాడుక భాషకి గౌరవం తెచ్చిన మనిషి పనిచేసిన ఊరికి ఇంత దగ్గరలో ఉండి, మన వాడుక మాటకి మనమే సిగ్గుపడితే ఎలా?

మీ మాటలోనే చెప్పండి. పుస్తకాల తెలుగు పుస్తకాల్లో దొరుకుతుంది. హైదరాబాద్ నుంచి వచ్చిన చుట్టాలు నవ్వితే నవ్వుకోనివ్వండి, వాళ్ళ మాటల్లో ఎన్ని ఇంగ్లీషు ముక్కలున్నాయో మీ పిల్లలతో లెక్కపెట్టించండి.

## బడిలో చేరాక

బడిలో ఒడియా, ఇంగ్లీషు నేర్పుతున్నారు. తెలుగు అక్షరాలు ఎప్పుడు మొదలెట్టాలి?

ఒడియా అక్షరాలు గుణింతంతో సహా కుదురుకున్నాక, అంటే రెండో తరగతి చివరికి, మొదలెడితే సులువు. ముందే మొదలెట్టినా నష్టం లేదు, పిల్ల సరదా పడితే. రెండు వర్ణమాలలూ ఒకే వరసలో నడుస్తాయి, క ఖ గ ఘ అంటూ. కాబట్టి కొత్తగా నేర్చుకోవాల్సింది ఆకారాలే, లెక్క పాతదే. ఒక కాగితం మీద ఎడమవైపు ఒడియా అక్షరం, కుడివైపు తెలుగు అక్షరం రాసి గోడకి అతికించండి. గొడుగు వేసుకున్నవి ఒడియావి, తలకట్టు పెట్టుకున్నవి తెలుగువి అని మా చిన్నది పేరు పెట్టింది.

పలక ముందేసుకుని రోజూ గంట దిద్దించవద్దు. వాళ్ళ పేరు, పిల్లి పేరు, వీధి చివర టిఫిన్ హోటల్ బోర్డు, వీటితో మొదలుపెట్టండి.

తెలుగు చదువుతోంది కానీ "కమల"ని "కొమొలొ" అంటోంది. దిద్దాలా?

ఒడియాలో హల్లు పక్కనున్న అకారం ఒ లాగా పలుకుతుంది. పిల్ల ఆ అలవాటు ఇటు తెచ్చుకుంది. వెంటనే ఆపి దిద్దితే చదవడమే మానేస్తుంది. వాక్యం పూర్తయ్యాక మీరొకసారి మామూలుగా చదివి వినిపించండి, నెలల్లో సర్దుకుంటుంది.

రెండో తప్పు ఇంకొంచెం మొండిది. తెలుగులో ఎ, ఏ వేరు. ఒ, ఓ వేరు. ఒడియాలో ఆ పొట్టి పొడుగుల తేడాకి విడి అక్షరాలు లేవు. అందుకని మెడ, మేడ ఒకటైపోతాయి, దొర, దోర ఒకటైపోతాయి. మా వరండాలో ఒకమ్మాయి "రాజుగారి మెడ ఏడంతస్తులు" అని చదివింది. అందరూ పడీపడీ నవ్వారు. ఆ పిల్ల ఏడవబోతుంటే, మరొకడు ఏడంతస్తుల మెడ ఉన్న రాజుగారి బొమ్మ గీసి చూపించాడు. ఒక్కో అంతస్తుకీ ఒక కిటికీ, పైన కిరీటం. ఆ బొమ్మ ఇప్పటికీ గోడ మీదే ఉంది, ఆ తేడా మళ్ళీ ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు.

నేను తెలుగులో అడిగితే మా అబ్బాయి ఒడియాలో జవాబిస్తాడు. కోప్పడాలా?

కోప్పడితే తెలుగు అంటే తిట్ల భాష అనుకుంటాడు. మీరు తెలుగులోనే కొనసాగించండి. వాడికి తెలుగు అవసరమయ్యే సందర్భం ఒకటి ఉండాలి, ఒడియా రాని మనిషి ఒకరుంటే ఇంకా మంచిది. మా ఇంట్లో ఆ మనిషి శ్రీకాకుళంలో ఉండే మా అత్తగారు. వారానికోసారి ఫోన్లో ఆవిడకి కథ చెప్పాలి.

ఏ కథ అంటారా? భాద్రపదంలో ఆదివారాలు ఇక్కడి ఆడపిల్లలు ఖుదురుకుణి ఓషా అనే నోము చేసుకుంటారు కదా. మా అమ్మాయి స్నేహితురాలి ఇంట్లో తొపోయి కథ వినొచ్చింది. ఓడల మీద వెళ్ళిన ఏడుగురు అన్నల ముద్దుల చెల్లెల్ని, వదినలు మేకలు కాయడానికి పంపిస్తారు. చిన్నొదిన ఒక్కతే ఆదరిస్తుంది. మంగళాదేవిని వేడుకున్నాక అన్నలు తిరిగొస్తారు. ఇది ఫోన్లో తెలుగులో చెప్పడానికి మా అమ్మాయికి అరగంట పట్టింది. మాట దొరకనప్పుడల్లా "నానమ్మా, అదేంటది" అంటూ తడుముకోవడం, అవతలి నుంచి ఆవిడ మాట అందివ్వడం. నేను నేర్పితే ఏడాదికి రాని మాటలు ఆ అరగంటలో వచ్చాయి. చివర్లో అత్తగారు "ఆ వదినల్నేం చేశార్రా?" అని అడిగి, మళ్ళీ మొదటినుంచి చెప్పించుకున్నారు.

ఇద్దరం పనికెళ్ళి వచ్చేసరికి రాత్రి ఎనిమిది. రోజూ ఎంతసేపు చదవాలి?

పది నిమిషాలు. పడుకునే ముందు, అదే మంచం మీద, అదే వేళకి. కుదరని రోజు కుదరదు, దానికి బాధపడకండి. కరెంటు పోయిన రాత్రి కథకి ఇంకేమీ అక్కర్లేదు.

ఒకే పుస్తకం నెల రోజులుగా చదవమంటున్నాడు. నాకు విసుగొస్తోంది.

వాడికి రావట్లేదు కదా. తర్వాత ఏమొస్తుందో ముందే తెలియడంలో ఉన్న సుఖం వాడిది. మధ్యలో ఒక మాట కావాలని తప్పు చదివి చూడండి, పట్టుకుంటాడు. మీ విసుగు కూడా కొంత తగ్గుతుంది.

ఇక్కడ తెలుగు పిల్లల పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి?

బరంపురం షాపుల్లో దొరికేవి ఎక్కువగా పాఠ్యపుస్తకాలు, పంచాంగాలు, వ్రతకథలు. కాబట్టి విశాఖపట్నం వెళ్ళే ప్రతి ఒక్కరి చేతికీ చీటీ ఇవ్వాలి. 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్ళు పిల్లల కోసమే తెలుగులో పుస్తకాలు వేస్తారు, ధరలూ అందుబాటులో ఉంటాయి. నేషనల్ బుక్ ట్రస్ట్ వారి నెహ్రూ బాల పుస్తకాలయ పుస్తకాలైతే అవే బొమ్మలతో అనేక భాషల్లో వస్తాయి. తెలుగుదీ ఒడియాదీ జతగా కొంటే పిల్లలు రెండూ పక్కపక్కన పెట్టుకుని పోల్చుకుంటారు. మా వరండాలో ఎక్కువగా నలిగినవి ఈ జంట పుస్తకాలే.

డబ్బు పెట్టకుండా కావాలంటే ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్ ఉంది. 2015 నుంచి నడుస్తోంది. తెలుగు, ఒడియా రెండిట్లోనూ కథలుంటాయి, చదివే స్థాయిని బట్టి విడదీసి ఉంటాయి, దించుకుని ప్రింటు తీసుకోవచ్చు. నేను జెరాక్స్ షాపులో తీయించి, పైన అట్ట పెట్టి దారంతో కుట్టేస్తాను.

తాతగారి అటక కూడా వెతకండి. చందమామ 1947 జులైలో తెలుగు, తమిళాల్లో మొదలై, తర్వాత ఒడియాలోకి జొహ్నొమాము పేరుతో వచ్చింది. ఇప్పుడు రావట్లేదు కానీ పాత సంచికలు మన ప్రాంతం ఇళ్ళల్లో రెండు భాషల్లోనూ బయటపడతాయి. చెదలు పట్టకముందే తీయండి.

పర్లాకిమిడి వైపువాళ్ళు ఎప్పుడైనా శ్రీకాకుళం వెళితే పిల్లల్ని కథానిలయానికి తీసుకెళ్ళండి. కాళీపట్నం రామారావు గారు 1997లో తెలుగు కథల్ని భద్రపరచడానికి పెట్టిన గ్రంథాలయం. అక్కడ పిల్లలు చదివేది తక్కువే. ఇల్లంతా కథలతో నిండిన బీరువాలు చూడడం వేరే అనుభవం.

యూట్యూబ్‌లో బోలెడు తెలుగు కథలున్నాయి. అవి పెడితే సరిపోదా?

నేనూ పెట్టాను, వంట చేసుకునేటప్పుడు. తప్పేం లేదు. బొమ్మలు కదిలేవాటికన్నా వినేవి మేలు, బొమ్మ వాళ్ళే ఊహించుకుంటారు. అయితే ఫోను ఆగి "ఆ చీమకి ఎంతమంది పిల్లలు?" అనే ప్రశ్నకి జవాబు చెప్పదు.

తెలుగు పిల్లలందరికీ రేడియో అన్నయ్యగా తెలిసిన న్యాయపతి రాఘవరావు గారు 1905లో ఇదే బరంపురంలో పుట్టారు. ఆయన రేడియో కార్యక్రమాల్లో పిల్లలే పాడేవారు, పిల్లలే మాట్లాడేవారు. మీరూ అలా చేయొచ్చు. ఫోన్లో కథ వినడంతో ఆపకుండా, పిల్ల చెప్పిన కథ అదే ఫోన్లో రికార్డు చేసి అమ్మమ్మకి వాట్సాప్‌లో పంపండి. ఇంట్లో మోగే మోతకి సిద్ధంగా ఉండండి.

## సొంతంగా చదివే వయసు

తొమ్మిదేళ్ళొచ్చాయి. చదవడం వచ్చు, కానీ చదవడు. ఏం చేయాలి?

చాలామంది ఇక్కడే ఒక పొరపాటు చేస్తారు, నేనూ చేశాను. పిల్లాడికి చదవడం వచ్చిందని చదివి వినిపించడం మానేస్తారు. వాడికి అక్షరాలు కూడబలుక్కోవడం ఒక కష్టం, పైగా అమ్మ పక్కన పడుకునే పది నిమిషాలు కూడా పోయాయి. మళ్ళీ మొదలుపెట్టండి. ఉత్కంఠగా ఉన్న చోట "నిద్రొస్తోంది" అని పుస్తకం మూసి, దిండు పక్కనే వదిలేయండి. కొందరు లాంతరు పెట్టుకునైనా మిగతాది చదివేస్తారు. చదవకపోతే మర్నాడు మీరే చదవండి.

పుస్తకం ఎంపిక వాడికే ఇవ్వండి. క్రికెట్, పాములు, జోకులు, ఏదైనా సరే. మీరు కూడా రోజూ వాడి కళ్ళముందు ఏదో ఒకటి చదువుతుండాలి, ఫోను కాకుండా.

కథ అయ్యాక ప్రశ్నలు అడగాలా? నీతి చెప్పాలా?

మొదట్లో నేను ప్రతి కథ చివరా "ఇందులో మనం ఏం నేర్చుకున్నాం?" అని అడిగేదాన్ని. ఒక పిల్లాడు రావడం మానేశాడు. వాళ్ళమ్మ నసుగుతూ అసలు సంగతి చెప్పింది: "అత్త కథ అయిపోగానే పరీక్ష పెడుతోంది, నేను వెళ్ళను" అన్నాడట. ఆ ప్రశ్న మానేశాను. వాడు తిరిగొచ్చాడు.

కథల్లో రాక్షసులు, చంపుకోవడాలు. పిల్లలు భయపడరా?

కొంచెం భయపడతారు, ఆ భయం కోసమే మళ్ళీ అడుగుతారు కూడా. ఒడియా పిల్లల బూఢీ ఒసురుణి అనే ముసలి రాక్షసి, మన బ్రహ్మరాక్షసుడు ఇద్దరూ చివరికి ఓడిపోయేవాళ్ళే. మీ ఒడిలో కూర్చుని విన్నంతసేపూ పర్వాలేదు. పిల్ల రాత్రిళ్ళు ఉలిక్కిపడుతుంటే ఆ కథ కొన్నాళ్ళు పక్కన పెట్టండి.

మా మావయ్యగారు భాగవతం చెబుతానంటారు, పిల్లలు కూర్చోరు.

ముందు ఆట చూపించి తర్వాత కథ చెప్పించండి. మన గంజాం జిల్లా ఊళ్ళల్లో ప్రహ్లాద నాటకం తెల్లవార్లూ ఆడతారు. హిరణ్యకశిపుడు ఆ పెద్ద మెట్ల వేదిక మీంచి అరుస్తూ దిగడం ఒక్కసారి చూసిన పిల్లాడు, మర్నాడు తాతగారి దగ్గరికి వాడే వెళ్ళి "తర్వాత ఆయన పొట్ట ఎవరు చీల్చారు?" అని అడుగుతాడు. అప్పుడు పోతన గారి పద్యం ఒకటి వినిపిస్తే చెవిన పడుతుంది. బరంపురం ఠాకురాణి జాతరలో వేషాలు చూసొచ్చిన రోజు కూడా అంతే, ఒక్కో వేషానికీ ఒక్కో కథ అడుగుతారు. తాతగారు తయారుగా ఉండాలి.

బడిలో తెలుగు చెప్పమని అడిగే హక్కు మనకి ఉందా?

ఉంది. 1956లో ఏడో సవరణతో రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేర్చారు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకి ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధించడానికి తగిన సదుపాయాలు కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని అందులో ఉంది. ఒక్కరుగా అడిగితే నవ్వి పంపిస్తారు. పిల్లల పేర్లు, తరగతులు రాసి, తల్లిదండ్రులంతా సంతకాలు పెట్టి హెడ్మాస్టరుకీ జిల్లా విద్యాశాఖకీ ఇవ్వండి, నకలు మీద ముద్ర వేయించుకోండి. నేనొకసారి ముద్ర వేయించుకోకుండా ఇచ్చాను. ఆరు నెలల తర్వాత వెళితే అసలు అలాంటి కాగితమే రాలేదన్నారు. టీచర్ వచ్చేదాకా ఇంట్లో కథలు ఆపకండి.

నేను ఒడియా మీడియంలో చదివాను. నాకే తెలుగు చదవడం రాదు. పిల్లకి ఎలా నేర్పను?

ఈ ప్రశ్న చాలామంది గొంతు తగ్గించి అడుగుతారు. మన తరం వాళ్ళలో ఇది మామూలే. కథ నోటితో చెప్పడానికి అక్షరం రానక్కర్లేదు, మన అమ్మమ్మల్లో ఎంతమందికి వచ్చు?

చదవాలనుంటే పిల్లతో పాటే మొదలుపెట్టండి. మా వరండాకి వచ్చే ఒకాయన మోటారు సైకిళ్ళు బాగుచేస్తారు. కూతురు రెండో తరగతి. మొదట్లో గేటు దగ్గరే బండి మీద కూర్చునేవారు. తర్వాత మెట్ల మీదికి, ఆ తర్వాత చాప మీదికి వచ్చారు. ఇప్పుడు ఇద్దరికీ ఒకే పుస్తకం. ఆయన గ్రీజు మరకల వేలు అక్షరం కింద పెట్టి కూడబలుక్కుంటూ చదువుతారు. "నాన్నా, అది ధ కాదు, థ. పొట్టలో చుక్క చూడు" అని ఆ పిల్ల దిద్దుతుంది. ఆయన కళ్ళజోడు సర్దుకుని, చుక్క చూసుకుని, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంటారు. పోయిన ఆదివారం ఒక పేజీ పూర్తిచేశారు. పిల్ల పేజీ తిప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, "ఆగమ్మా, ఇంకోసారి చదవనీ" అన్నారు.